రియాక్టరు పక్కన రాతిగుడి: కల్పాక్కం నుంచి కొవ్వాడ దాకా

సద్రాస్ కోటకు వెళ్లినవాళ్లు ముందు ఇటుక గోడలు చూస్తారు. నాకు మాత్రం ఎప్పుడు తలుచుకున్నా కోట లోపలి సమాధులే గుర్తొస్తాయి. నేల మీద పరిచినట్టుండే పెద్ద పెద్ద రాతి పలకలు. వాటి మీద డచ్చి అక్షరాలు. చుట్టూ ఉన్న రాయిని తొలిచేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. వంగి వేలితో తడిమితే అంచు ఇప్పటికీ తగులుతుంది. కొన్ని చోట్ల ఉప్పుగాలికి అంచు అరిగిపోయి, అక్షరం కంటే దాని నీడే బాగా కనబడుతుంది. బందరులోనో భీమిలిలోనో డచ్చివాళ్ల సమాధులు చూసిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. బందరులో వలందపాలెం పేరు వచ్చింది ఆ హాలెండు వాళ్ల నుంచే. నేత బట్టల కోసం ఈ తీరమంతా తిరిగి, పులికాట్ నుంచి సద్రాస్ దాకా కొట్లు పెట్టుకున్నవాళ్లు వాళ్లు.

సద్రాస్ అసలు పేరు చదురంగపట్టణం. చెన్నై నుంచి దక్షిణంగా తీరం వెంట 70 కిలోమీటర్లు. ఈ కోటకు ఆనుకున్నంత దగ్గర్లో కల్పాక్కం అణుశక్తి ఉద్యోగుల టౌన్‌షిప్ ఉంది. అక్కణ్ణుంచి కొద్ది కిలోమీటర్లు ఉత్తరంగా సముద్రం ఒడ్డున రియాక్టర్లు. ఇంకా ఉత్తరంగా పోతే మామల్లపురం, మనం మహాబలిపురం అంటాం. రియాక్టర్ల నుంచి అక్కడ ఒడ్డున ఉన్న తీరగుడికి (షోర్ టెంపుల్‌కి) మ్యాపు మీద నేరుగా గీత గీస్తే పది కిలోమీటర్లు కూడా ఉండదు. అంటే ఉత్తరాన పల్లవులు, దక్షిణాన డచ్చివాళ్లు, నడుమ అణు విద్యుత్తు. ఇంకో సంగతి. కల్పాక్కంలో మొదటి రియాక్టరు వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది 1984 జనవరిలో. మామల్లపురం కట్టడాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకి ఎక్కింది కూడా 1984లోనే. ఎవరూ అనుకుని చేసింది కాదు. కానీ ఒకే తీరం మీద రెండు బాధ్యతలు ఒకే ఏడాది నెత్తిన పడ్డాయి.

ఈ రెండో బాధ్యత గురించి మాట్లాడుకోవాలి. అణు కేంద్రం అనగానే మనకు మొదట వచ్చే ప్రశ్న రేడియేషన్. పాత గుళ్ల విషయంలోనూ అందరూ అదే అడుగుతారు. నాకు అర్థమైనంతలో గుళ్లకూ కోటలకూ అసలు ముప్పు రియాక్టరు లోపలి నుంచి రాదు. రియాక్టరు కట్టేటప్పుడు పట్టే గునపం నుంచి వస్తుంది, మారిన ఇసుక దారి నుంచి వస్తుంది, కట్టాక వేసే కంచె నుంచి వస్తుంది. వీటిలో ఎక్కువ భాగం పునాది తవ్వకముందే ఆపగలిగినవి.

ముందు రేడియేషన్ సంగతి తేల్చేద్దాం. మామూలుగా నడుస్తున్న కేంద్రం నుంచి బయటికి వెళ్లే రేడియోధార్మికత చాలా స్వల్పం. అది రాయిని తినేయదు, శిల్పాన్ని పగలగొట్టదు. నిజానికి గ్రానైటులోనే సహజంగా యురేనియం, థోరియం, పొటాషియం కొంచెం కొంచెం ఉంటాయి. కల్పాక్కం తీరం ఇసుకలో అక్కడక్కడ మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటుంది. మన భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఉన్న ఇసుకలోనూ ఉంది. తీరగుడి దగ్గర రేడియేషన్ మీటరు పెడితే, మామూలు రోజుల్లో అది చూపించే అంకెలో ఎక్కువ భాగం ఆ రాయిదీ ఆ ఇసుకదీ. ప్రమాదం జరిగితే లెక్క వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక గునపం. అణు కేంద్రం అంటే ఒక గుమ్మటం కాదు. వందల, వేల ఎకరాల భూమి. రియాక్టరు పునాది కోసం గట్టి రాయి తగిలేదాకా తవ్వాలి. తవ్విన మట్టి ఎక్కడో పొయ్యాలి. కంకర కోసం ఎక్కడో కొండ కొట్టాలి. బరువైన పరికరాలు రావడానికి రోడ్డు వెడల్పు చెయ్యాలి. కరెంటు బయటికి పోవడానికి టవర్లు వెయ్యాలి. ఉద్యోగులకు ఊరు కట్టాలి. నిర్వాసితులకు ఇంకో ఊరు కట్టాలి. రియాక్టరు ఉన్న స్థలాన్ని జాగ్రత్తగా సర్వే చేస్తారు కానీ కంకర తెచ్చే కొండను ఎవరు చూస్తారు? ఆ కొండ మీద బౌద్ధుల గుహ ఉండొచ్చు, జైన పడకలు ఉండొచ్చు. ఉత్తరాంధ్రలో ఏ కొండ మీద ఏముందో ముందే చెప్పగల మొనగాడు లేడు.

చట్టం ఏమంటుందో చూద్దాం. పురాతన కట్టడాల రక్షణకు 1958లో కేంద్ర చట్టం వచ్చింది. దానికి 2010లో పెద్ద సవరణ జరిగింది. దాని ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టాలి. ఈ అనుమతులు చూడటానికి జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థను పెట్టారు. 100 మీటర్ల లోపల కూడా ప్రభుత్వ పనులకు వీలు కల్పించాలని 2017లో ఒక బిల్లు తెచ్చారు. లోక్‌సభ 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది. ఇల్లు కట్టుకునేవాడికి ఉన్న హద్దు ప్రభుత్వానికి ఉండనక్కర్లేదనే ఆలోచన నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. గుడి పునాదికి ఎవరి తవ్వకమైనా ఒకటే.

ఆ హద్దుతో అసలు చిక్కు ఇంకోటి ఉంది. 300 మీటర్ల లెక్క ఒక ఇంటికో హోటలుకో సరిపోతుంది. అణు కేంద్రం ప్రభావం కిలోమీటర్లలో ఉంటుంది. పైగా ఆ 300 మీటర్లు కూడా జాబితాలో ఉన్న కట్టడానికే. దేశం మొత్తం మీద కేంద్ర రక్షణలో ఉన్నవి 3,700 కూడా లేవు. రాష్ట్రాల జాబితాలు కలుపుకున్నా, మన నేలలో ఉన్నదానితో పోలిస్తే అది చెంబెడు నీళ్లు. మిగతాది లెక్కలో లేదు.

పర్యావరణ అనుమతుల దారి కొంచెం విశాలమైనది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు వాళ్లు ఇచ్చే దరఖాస్తులో, 15 కిలోమీటర్ల లోపల సాంస్కృతికంగా విలువైన రక్షిత ప్రాంతాలు ఏమున్నాయో రాయాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. మంచిదే. కానీ ఆ గడి నింపేవాళ్లు కూడా చివరికి చూసేది జాబితానే. జాబితాలో పేరుంటే రాస్తారు, లేకపోతే 'ఏమీ లేవు' అని రాస్తారు. ఏమీ లేవు అనడానికీ, ఎవరూ వెతకలేదు అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. కాగితం మీద మాత్రం రెండూ ఒకలాగే కనబడతాయి.

మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఇది ఎలా జరుగుతుందో చూడొచ్చు. జైతాపూర్ అణు కేంద్రం ప్రతిపాదన అక్కడి రాజాపూర్ తాలూకాది. 2010 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో అదే తాలూకాలోని బార్సు, దేవీహసోల్ లాంటి చోట్ల, కొంకణంలో ఇంకా చాలా చోట్ల, ఎర్రరాతి నేల మీద చెక్కిన పెద్ద పెద్ద బొమ్మలు వందల సంఖ్యలో లోకానికి తెలిశాయి. స్థానికులు పొలాల గట్ల మీద నడిచి నడిచి వాటిని లెక్కబెట్టారు. 2022లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకి చేరాయి. జైతాపూర్ ప్రాజెక్టు భూమిలో అలాంటివి ఉన్నాయని నేను అనడం లేదు. అనుమతి కాగితం మూసేసిన తేదీకి ఆ తాలూకా చరిత్ర గురించి మనకు ఎంత తక్కువ తెలుసో చెబుతున్నాను, అంతే.

ఇక ఇసుక సంగతి. దీని గురించి ఎక్కువగా రాయాలి, ఎందుకంటే ఇది కంటికి కనబడకుండా జరిగే పని.

మన తూర్పు తీరంలో అలలు ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి తగులుతాయి. అందుకే ఇసుక ఒకచోట నిలబడదు, తీరం వెంట ప్రయాణం చేస్తూ ఉంటుంది. ఏడాది మొత్తం మీద లెక్క తీస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ దారిలో సముద్రంలోకి గోడ కట్టారనుకోండి, గోడకు దక్షిణాన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. మద్రాసు హార్బరు కట్టాక జరిగింది ఇదే. దక్షిణాన మెరీనా బీచి వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం లోపలికి తోసుకొచ్చింది. ఇప్పుడు కల్పాక్కం మామల్లపురానికి దక్షిణాన ఉందన్న మాట గుర్తు పెట్టుకోండి. రియాక్టర్లకు చల్లబరిచే నీళ్లు కావాలి. కల్పాక్కంలో సముద్రపు అడుగు కింద దాదాపు అర కిలోమీటరు సొరంగం తవ్వి నీళ్లు తీసుకుంటారు. వేడెక్కిన నీళ్లను మళ్లీ సముద్రంలోకి వదులుతారు. సొరంగం కాబట్టి ఇసుక దారికి పెద్ద గోడ అడ్డం లేదు, ఇది మంచి డిజైను. కానీ తీరం మీద ఏ కొత్త నిర్మాణం వచ్చినా, చిన్న గట్టు కట్టినా, దాని లెక్క గుడి దాకా వెయ్యాలి. ప్రాజెక్టు ప్రహరీ దాకా వేసి ఊరుకుంటే చాలదు.

ఎందుకంటే తీరగుడి బతుకంతా ఇసుక మీదే ఆధారపడి ఉంది. పల్లవ రాజు రాజసింహుడు ఎనిమిదో శతాబ్దం మొదట్లో చెక్కిన రాళ్లు పేర్చి కట్టించిన గుడి అది. అక్కడి రథాల్లాగా ఒకే బండను తొలిచింది కాదు. సముద్రం కొట్టే దెబ్బ కాయడానికి ముందు బండరాళ్లు పోశారు, గాలికి అడ్డంగా సరుగుడు చెట్లు పెంచారు. పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్లు రాతిలో దిగిన ఉప్పును తీయడానికి ఒక పద్ధతి వాడతారు. కాగితపు గుజ్జును నీళ్లలో నానబెట్టి శిల్పం మీద లేపనంలా పూస్తారు. తడి రాతిలోకి దిగి ఉప్పును కరిగిస్తుంది, ఆరేటప్పుడు ఆ ఉప్పు గుజ్జులోకి వచ్చేస్తుంది, అప్పుడు ఒలిచేస్తారు. మళ్లీ పూస్తారు, మళ్లీ ఒలుస్తారు. ఒంటికి నలుగు పెట్టినట్టు ఓపికగా చేసే పని. ఇన్ని వందల ఏళ్ల గుడిని అంత ఓపికగా నిలబెడుతున్నప్పుడు, పక్కన ఇసుక దారి మారిందేమోనని ఏటేటా కొలవడం పెద్ద ఖర్చు కాదు.

2004 డిసెంబరు 26న ఈ రెండు చోట్లకీ ఒకే సునామీ కెరటం వచ్చింది. కల్పాక్కంలో సొరంగం గుండా నీళ్లు పంపుహౌసులోకి వచ్చాయి. నడుస్తున్న రెండో రియాక్టరును క్షేమంగా ఆపేశారు. అప్పుడే పునాది పని మొదలైన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు గుంత నీళ్లతో నిండిపోయింది. అదే కెరటం మామల్లపురంలో ఇసుకను కడిగేసి, ఎప్పటి నుంచో పూడిపోయి ఉన్న శిల్పాలను బయటపెట్టింది. సింహం, ఏనుగు తల, గుర్రం. కొంచెం ఉత్తరాన సాళువన్‌కుప్పం దగ్గర ఒక బండ మీద శాసనం బయటపడింది. దాన్ని పట్టుకుని పురావస్తు శాఖ 2005లో తవ్వితే మురుగన్ గుడి దొరికింది. పైన పల్లవుల కాలం రాతి కట్టడం, కింద అంతకంటే చాలా పాతదైన ఇటుక గుడి. ఇరవై ఏళ్లుగా పక్కనే రియాక్టరు నడుస్తున్న తీరంలో, ప్రపంచ వారసత్వ స్థలం గుమ్మంలో, అంత పెద్ద గుడి ఉందని 2004 దాకా ఎవరికీ తెలియదు. నేను జాబితాను ఎందుకు నమ్మనో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మూడోది కంచె. కంచె వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది.

మంచి వైపు చూడాలంటే కాలిఫోర్నియాలోని డయాబ్లో కాన్యన్‌కు పోవాలి. అక్కడ పసిఫిక్ ఒడ్డున అణు కేంద్రం కట్టేముందు, 1968లో రోబర్టా గ్రీన్‌వుడ్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకం జరిపారు. చుమాష్ అనే స్థానిక జాతి పూర్వీకులు తొమ్మిది వేల ఏళ్లకు పైగా అక్కడ నివసించిన ఆనవాళ్లు పొరలు పొరలుగా దొరికాయి. వాటిలో సమాధులూ ఉన్నాయి. తవ్విన చోటే కేంద్రం కట్టారు, ఆ గాయం చుమాష్ వాళ్లకు ఇప్పటికీ ఉంది. అయితే కేంద్రం చుట్టూ కంచె వేసి జనాన్ని దూరం పెట్టడంతో, మిగతా తీరమంతా బంగళాలు, హోటళ్లు రాకుండా మిగిలింది. కాలిఫోర్నియా తీరంలో అంత పొడవున ఎవరూ చెయ్యి పెట్టని నేల దొరకడం అరుదు. అమెరికాలో 1966 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం లైసెన్సు పొడిగించే ప్రతిసారీ చారిత్రక స్థలాల మీద ప్రభావం చూడాలి, స్థానిక జాతులతో మాట్లాడాలి. అంటే కట్టేటప్పుడు ఒకసారి అడిగి వదిలేయరు. మన దగ్గర లేనిది ఈ రెండోసారి అడగడం.

మనకూ ఒక ఉదాహరణ ఉంది, రాజస్థాన్‌లో. చంబల్ ఒడ్డున రావత్‌భాటాలో రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. మొదటి రియాక్టరు 1973 నాటిది. అదే ఊళ్లో బాడోలీ గుళ్లున్నాయి. పదో శతాబ్దం ప్రాంతంలో ప్రతీహారుల కాలంలో కట్టినవి. అణు కేంద్రం ఉన్న ఊరు, కేంద్ర రక్షణలో ఉన్న గుళ్లు. ఇంకేం కావాలి అనుకుంటాం. కానీ 1998లో ఘటేశ్వర గుడి నుంచి నటరాజ విగ్రహం దొంగల పాలైంది. అది లండన్ చేరింది. 2005లో అక్కడి మన హైకమిషన్ చేతికి వచ్చింది. ఇంటికి తిరిగి రావడానికి 2020 పట్టింది. ఒక కంచె యూరేనియం కోసం, ఇంకో కంచె గుడి కోసం. మొదటి కంచెకు పెట్టే మనుషుల్లో, కెమెరాల్లో ఒక చిన్న వంతు రెండో కంచెకు దొరికి ఉంటే ఆ విగ్రహం కదిలేది కాదేమో. అణు సంస్థలు చుట్టుపక్కల ఊళ్లకు స్కూళ్లు, ఆస్పత్రులు కట్టిస్తాయి. అదే డబ్బులో పక్కనున్న గుడికి కాపలాదారుడి జీతం, రెండు లైట్లు, ఒక గది కూడా ఉండాలని అడగడం తప్పు కాదు.

కంచె చెడు వైపు మన పల్లెలకు బాగా తెలుసు. ఊరు ఖాళీ చేసినప్పుడు ఇళ్లకు పరిహారం ఇస్తారు. గంగమ్మ గుడికి కూడా కొత్త కాలనీలో కాస్త జాగా ఇస్తారు. కానీ వేటకు పోయేముందు మొక్కే ఒడ్డు మీది రాయి, పెద్దలను పూడ్చిన దిబ్బ, జాతర నడిచే దారి, వీటిని ఏ కాగితం మీద రాస్తారు? వాటికి వయసు వంద ఏళ్లు ఉండొచ్చు, వెయ్యేళ్లు ఉండొచ్చు. పురావస్తు శాఖకు అవి కట్టడాలు కావు, రెవెన్యూ శాఖకు ఆస్తులు కావు. గేటు పడ్డాక ఏడాదికి ఒక్కరోజు లోపలికి పోయి దీపం పెట్టుకుంటామంటే పాసు అడుగుతారు. ఈ ఒక్కరోజు సంగతి భూసేకరణ ఒప్పందంలోనే రాయించుకోవాలి. తర్వాత అడిగితే సెక్యూరిటీ అంటారు, వాళ్ల తప్పూ కాదు.

ఇప్పుడు ప్రమాదం మాట. ఇక్కడ మనకు పాఠం జపాన్ నుంచి ఉంది. ఫుకుషిమా తీరంలో మినామిసోమా పట్టణం, ఒదాకా ప్రాంతం. అక్కడ కొండచరియలోనే చెక్కిన బుద్ధ విగ్రహాలున్నాయి, సుమారు వెయ్యేళ్ల నాటివి, జాతీయ చారిత్రక స్థలం. 2011 మార్చిలో ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగాక ఒదాకా 20 కిలోమీటర్ల ఖాళీ ప్రాంతంలో పడింది. మనుషులు వెళ్లిపోయారు. విగ్రహాలు కొండలో భాగం, అవి ఎక్కడికి పోతాయి? 2016 జులైలో గానీ అక్కడ మళ్లీ ఇళ్లలో ఉండనివ్వలేదు. కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఫుతాబా, ఓకుమా, తోమియోకా పట్టణాల మ్యూజియంలలోని వస్తువుల సంగతి వేరు. 2012 నుంచి వాటిని బయటికి తెచ్చారు. ఒక్కో పాత పత్రాన్నీ, ఒక్కో కుండనూ మీటరుతో కొలిచి, దుమ్ము దులిపి, పెట్టెల్లో సర్ది తరలించారు. రక్షణ దుస్తులు వేసుకుని, లోపల ఉండగలిగిన కొద్ది గంటల్లోనే.

పెట్టెలో పట్టేది బయటికి వచ్చింది, కొండలో చెక్కింది అక్కడే ఉండిపోయింది. మామల్లపురం మొత్తం రెండో రకం. అర్జున తపస్సు శిల్పాన్ని ఎవరూ లారీ ఎక్కించలేరు. మనకు నాగార్జునకొండ అనుభవం ఉంది. డ్యాము నీళ్లు వస్తాయని తెలిసి 1954 నుంచి ఆరేళ్లు తవ్వారు. దొరికినవాటిని కొండ మీదికీ అనుపుకూ మోసుకుపోయి మళ్లీ పేర్చారు. శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాన్ని రాయి రాయి విప్పి అలంపురం చేర్చారు. డ్యాము నీళ్లు ఎంత దాకా వస్తాయో గీత గీసి చెప్పొచ్చు, తేదీ చెప్పొచ్చు. అణు ప్రమాదానికి గీతా తేదీ రెండూ ఉండవు. ప్రమాదం తర్వాత శుభ్రం చేయడమూ కష్టమే. ఫుకుషిమాలో పొలాల మీద, పెరళ్లలో పై మట్టి కొన్ని సెంటీమీటర్లు చెక్కి సంచుల్లో నింపారు, కప్పులూ గోడలూ ప్రెషరు నీళ్లతో కడిగారు. ఇల్లయితే సరే. పదమూడు వందల ఏళ్ల శిల్పం ముక్కు మీద ప్రెషరు నీళ్లు కొడతామా? పాత ఊరి దిబ్బ మీద పై పొర చెక్కేస్తే, పురావస్తు శాస్త్రవేత్త చదవాల్సిన పుస్తకంలో ఆ పేజీలు చించేసినట్టే.

కాబట్టి అత్యవసర ప్రణాళికలో కట్టడాలకు ఒక పేజీ ఉండాలి. మన కేంద్రాలకు 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక వేస్తారు. ఎవరిని ఏ రోడ్డున తరలించాలి, అయోడిన్ మాత్రలు ఎక్కడ పంచాలి అన్నీ రాసి ఉంటాయి. మామల్లపురం ఆ వలయంలోకే వస్తుంది. మనుషులే ముందు, అందులో రెండో మాట లేదు. మనుషులను తరలించాక, గుడికి కాపలా ఎవరు, మ్యూజియంలో కంచు విగ్రహాలుంటే ఎవరు మోస్తారు, శిల్పాలను ఏ పద్ధతిలో శుభ్రం చెయ్యొచ్చు, ఏ పద్ధతిలో చెయ్యకూడదు, ఇవి ముందే రాసి పెట్టుకోవడానికి పైసా ఖర్చు కాదు. దాంతోపాటు ప్రతి శిల్పానికీ త్రీడీ స్కాన్ ఉండాలి. పోతే మళ్లీ చెక్కుకోవడానికి కాదు, ఎక్కడ ఎంత అరిగిందో ఏటా పోల్చి చూడటానికి.

ఈ పోల్చి చూడటం అణు శాఖవాళ్లకు కొత్త విద్య కాదు. కేంద్రం మొదలవకముందే చుట్టుపక్కల నీళ్లు, పాలు, చేపలు, మట్టి పరీక్షించి మొదటి రీడింగు రాసి పెట్టుకుంటారు. కేంద్రం నడిచినంత కాలం అదే చోట అదే పాలు మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు. అందుకోసమే ప్రతి కేంద్రం దగ్గరా పర్యావరణ ల్యాబు ఉంటుంది. చాలా మంచి పద్ధతి. పాలకూ చేపకూ ఉన్న ఆ మొదటి రీడింగు రాయికీ ఉండాలి. గోడలో పగులుంటే దాని మీద గాజు పట్టీ అతికించాలి. పక్కన బ్లాస్టింగు జరిగినప్పుడు నేల ఎంత అదిరిందో యంత్రం పెట్టి రాయాలి. ఒడ్డు గుడికి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ప్రతి వర్షాకాలం తర్వాత కొలవాలి. ఇందులో రాకెట్ సైన్సు ఏమీ లేదు.

తవ్వకముందే చూస్తే ఏం దొరుకుతుందో ఇంగ్లండులో సైజ్‌వెల్ సీ అణు కేంద్రం దగ్గర తేలింది. సఫొక్ తీరంలో ఆ కేంద్రం పనులకు ముందు పురావస్తు బృందాలు నేలను పరిశీలించాయి. ఒకచోట మట్టిలో సీసపు రేకు చుట్టిన చిన్న పొట్లం దొరికింది. విప్పితే లోపల 321 వెండి నాణేలు. పదకొండో శతాబ్దం నాటివి, చాలావరకు చెలామణిలో పెద్దగా అరగనివి. 1042లో ఎడ్వర్డ్ గద్దెనెక్కిన రోజుల్లో, కొత్త రాజు వస్తే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో ఎవరో మధ్యతరగతి మనిషి తాను దాచుకున్న సొమ్మును నేలలో పెట్టి ఉంటాడని నిపుణుల ఊహ. అరచేతిలో పట్టేంత పొట్లం. జేసీబీ బకెట్ ఒక్కసారి దిగితే అది మట్టిలో కలిసి ఏదో గట్టు కిందికి పోయేది. ఎవరికీ నష్టం జరిగినట్టు కూడా తెలిసేది కాదు. అందుకే ఆ పొట్లం నన్ను అంతగా పట్టుకుంది. పోయినా తెలియనివాటిని కాపాడాలంటే ముందు వెతకడం తప్ప ఇంకో దారి లేదు.

ఇదంతా చదువుతున్న తెలుగువాళ్లకు శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ గుర్తొచ్చే ఉంటుంది. ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన అక్కడ ఉంది. రెండు వేల ఎకరాలకు పైగా భూమి కావాలి. కేంద్రం రావాలా వద్దా అన్న వాదన పెద్దది, అందులో ప్రాణాలు, చేపల వేట, ఊళ్లు ఉన్నాయి. ఆ వాదన ఎటు తేలినా, నేను చెబుతున్న పని మాత్రం ముందే చెయ్యాల్సినది.

ఆ ప్రాంతం మామూలు నేల కాదు. ఒక వైపు నెల్లిమర్ల దగ్గర రామతీర్థం, గురుభక్తకొండ మీద బౌద్ధ శిథిలాలు. ఇంకో వైపు వంశధార ఒడ్డున శాలిహుండం, కళింగపట్నం ఓడరేవు, శ్రీకూర్మం. శాలిహుండాన్ని 1919లో మొదట గుర్తించింది వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి గారే. కొండ మీద చెదిరి ఉన్న ఇటుకలను చూసి ఇది మామూలు దిబ్బ కాదని పసిగట్టారు. తర్వాత జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, విగ్రహాలు, బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండ పెంకులు దొరికాయి. విశాఖ, భీమిలి మధ్య తొట్లకొండ సంగతి ఇంకా విచిత్రం. 1976లో నౌకాదళం వాళ్లు స్థావరం కోసం విమానం మీంచి సర్వే చేస్తుంటే కొండ మీద కట్టడాల గుర్తులు కనబడ్డాయి. 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, తొట్లు వరసగా బయటపడ్డాయి. రక్షణ అవసరం కోసం చేసిన సర్వేయే ఆ కొండను చరిత్రకు అప్పగించింది. ప్రాజెక్టు అంటే వారసత్వానికి శత్రువు కావాల్సిన పని లేదని తొట్లకొండ చూపిస్తోంది, ముందు చూసే కన్ను ఉంటే.

కొవ్వాడలో ఆ కన్ను పెట్టడానికి ఇంకా సమయం ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పక్క జిల్లాల చరిత్ర లెక్చరర్లు లేచి అడగాల్సిన ప్రశ్నలు కొన్ని నా దగ్గరున్నాయి. రియాక్టర్ల స్థలంతో పాటు టౌన్‌షిప్, కంకర కొండ, రోడ్డు, టవర్ల దారి, నిర్వాసితుల కాలనీ, ఈ అన్ని చోట్లా కాలినడకన పురావస్తు సర్వే చేశారా? చేసినవాళ్ల పేర్లు, తేదీలు, ఫొటోలు నివేదికలో ఉన్నాయా? అనుమానం ఉన్న చోట చిన్న గుంతలు తవ్వి చూశారా? పని జరుగుతుండగా కుండ పెంకో పాత ఇటుకో తగిలితే జేసీబీ ఆపే అధికారం ఎవరికి ఉంది, ఎన్ని రోజులు ఆపగలరు? ఒడ్డున కట్టే నిర్మాణాల వల్ల ఉత్తరం వైపు ఇసుక దారి మారుతుందా, లెక్క ఎంత దాకా వేశారు? ఊరి దేవతల గద్దెలకు, పెద్దల దిబ్బలకు ఏటా ఏ రోజు గేటు తెరుస్తారు?

ఈలోపు ఊళ్లో మనం చెయ్యగలిగింది కూడా ఉంది. వర్షాకాలం వెళ్లాక దిబ్బల మీద మట్టి కొట్టుకుపోయి పాత పెంకులు పైకి తేలతాయి. అవి ఉన్న చోటే, పక్కన అగ్గిపెట్టె పెట్టి సైజు తెలిసేలా ఫొటో తీసి, ఏ సర్వే నంబరులో దొరికిందో రాసి, ఒక కాపీ రాష్ట్ర పురావస్తు శాఖకు పంపి రసీదు తీసుకోవాలి. పెంకును మాత్రం ఇంటికి తెచ్చుకోకూడదు. అది ఎక్కడ పడి ఉందో ఆ చోటే దాని చిరునామా.